ద హూ 'టామీ'ని మొదటి నుంచి చివరిదాకా వినడం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

ద హూ అంటే చాలామందికి గుర్తొచ్చేది స్టేజి మీద గిటార్లు విరగ్గొట్టే బ్రిటిష్ రాక్ బ్యాండ్. వాళ్ళ హిట్లు నాలుగైదు విని, బాగున్నాయి కదా అని 'టామీ' పెట్టుకుని, ఇరవై నిమిషాలు కాకుండానే ఆపేసినవాళ్ళు నాకు బోలెడంతమంది తెలుసు. ఇది పాటలతోనే కథ చెప్పే ఆల్బమ్, రాక్ ఒపెరా అని ఎవరో చెప్తారు, వీళ్ళు కథ కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటారు, తీరా చూస్తే కథలో సగం పాటల్లో ఉండదు. ఎవరు ఎవర్ని చంపారో కూడా సరిగా అర్థం కాదు.

అందుకే నేను చెప్పేది వేరే పద్ధతి. కథ ముందే తెలుసుకుని పక్కన పెట్టేయండి. వినేటప్పుడు ట్యూన్లని పట్టుకోండి. ఈ ఆల్బమ్‌ని అతికించి ఉంచింది కథ కాదు, తిరిగి తిరిగి వచ్చే మూడు నాలుగు ట్యూన్లు. అవి దొరికాయంటే గంటా పావు ఎలా గడిచిందో తెలియదు.

1. ముందు సరైన 'టామీ' వెతుక్కోండి

యాప్‌లో 'టామీ' అని కొడితే కుప్పలుగా వస్తాయి. 1972లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసింది ఒకటి, 1975 సినిమా సౌండ్‌ట్రాక్ ఒకటి, 1993 బ్రాడ్‌వే నాటకం రికార్డింగ్ ఒకటి, లైవ్‌లు సరేసరి. మీకు కావాల్సింది 1969 మే నెలలో వచ్చిన స్టూడియో ఆల్బమ్. రెండు ఎల్పీలు, 24 ట్రాకులు, సుమారు 75 నిమిషాలు. కవర్ మీద నీలాకాశం, మబ్బులు, వాటి మీద జల్లెడలాంటి అల్లిక ఉంటుంది. ఆ బొమ్మ వేసిన మైక్ మెకినర్నీ ఈ మార్గదర్శిలో మళ్ళీ వస్తాడు, పేరు గుర్తుంచుకోండి.

1996లో దీన్ని కొత్తగా మిక్స్ చేసి సీడీగా వేశారు. పాత మిక్స్ మంచిదా కొత్తది మంచిదా అని కొట్టుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మొదటిసారి వినేవాళ్ళకి ఆ గొడవ అనవసరం, ఏది దొరికితే అది వినండి.

షఫుల్ మాత్రం తప్పకుండా ఆపండి. ఒక పాట చివర ఇంకో పాట మొదట్లో కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంటే అదీ తీసేయండి. ఇందులో 'డూ యూ థింక్ ఇట్స్ ఆల్‌రైట్?' అనే ట్రాక్ అర నిమిషం కూడా ఉండదు, 'మిరకిల్ క్యూర్' అయితే 12 సెకన్లు, పేపర్ అమ్మే కుర్రాడి కేక లాంటిది. వరసలో వస్తే ఇవి సీన్ మారుస్తాయి. షఫుల్‌లో ఒంటరిగా తగిలితే ఇదేం పాటరా బాబూ అనిపిస్తుంది. ఎవరి దగ్గరైనా పాత ఎల్పీ దొరికితే ఒకటి చూసుకోండి: రికార్డులు వాటంతటవే మార్చే ప్లేయర్ల కోసం ఆ రోజుల్లో డబుల్ ఆల్బమ్‌లకి ఒక డిస్క్ మీద 1, 4 సైడ్లు, రెండోదాని మీద 2, 3 సైడ్లు వేసేవాళ్ళు. తిరగేసి పెట్టేశారంటే సరాసరి క్లైమాక్స్‌లోకి వెళ్ళిపోతారు.

2. కథ మొత్తం ముందే చదివేయండి

సస్పెన్స్ పోతుందని భయపడకండి, ఇక్కడ పోవడానికి సస్పెన్స్ లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో కెప్టెన్ వాకర్ కనబడకుండా పోతాడు, చనిపోయాడనుకుంటారు. భార్యకి కొడుకు పుడతాడు, వాడే టామీ. ఆమె ఇంకొకడితో కొత్త జీవితం మొదలుపెడుతుంది. 1921లో కెప్టెన్ ఇంటికి తిరిగొచ్చి ఆ మనిషిని చంపేస్తాడు. పిల్లాడు అదంతా అద్దంలో చూస్తాడు. నువ్వేం చూడలేదు, ఏమీ వినలేదు, ఎవరికీ చెప్పవు అని తల్లీ తండ్రీ వాడి బుర్రకెక్కిస్తారు. వాడు ఆ మాటని అక్షరాలా పాటిస్తాడు: చూపు, వినికిడి, మాట మూడూ ఆగిపోతాయి.

తర్వాత వాడి మీద రకరకాల మనుషులు ప్రయోగాలు చేస్తారు. నయం చేస్తానని ఒకడు, మత్తుమందుతో మార్చేస్తానని ఒకామె, హింసించి సరదా తీర్చుకునే కజిన్ కెవిన్, అంతకంటే నీచుడైన అంకుల్ ఎర్నీ. ఈలోగా వాడు పిన్‌బాల్ (గాజు కింద దొర్లే బంతిని మీటలతో కొట్టే ఆట) మెషిన్ మీద చెయ్యి వేస్తే తిరుగులేని ఛాంపియన్ అవుతాడు. శరీరంలో ఏ లోపమూ లేదు, ఉన్నదంతా మనసులోనే అని డాక్టర్ తేలుస్తాడు. పిల్లాడు ఎప్పుడూ అద్దంలోకే చూస్తున్నాడని విసిగిపోయి తల్లి అద్దం పగలగొడుతుంది, ఆ దెబ్బకి వాడికి అన్నీ తిరిగొస్తాయి. వాడు సెలబ్రిటీ అవుతాడు, తర్వాత గురువు అవుతాడు, శిష్యుల కోసం హాలిడే క్యాంప్ తెరుస్తాడు. నాలాగే మీరూ కళ్ళకి గంతలు, చెవుల్లో బిరడాలు, నోటికి అడ్డం పెట్టుకుని పిన్‌బాల్ ఆడండి, జ్ఞానం వస్తుందంటాడు. శిష్యులు తిరగబడి వెళ్ళిపోతారు. వాడు మళ్ళీ ఒంటరి.

ఒక హెచ్చరిక. 'కజిన్ కెవిన్' చిత్రహింసల పాట, 'ఫిడిల్ అబౌట్' పిల్లల మీద లైంగిక దాడి గురించిన పాట. రెండోది నిమిషంన్నరే గానీ వినడం కష్టం. పిల్లలతో కలిసి కారులో పెట్టుకునే ఆల్బమ్ కాదిది. ఆల్బమ్‌లో చాలా భాగం రాసింది గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్, కానీ ఈ రెండు మాత్రం తను రాయలేక బేస్ వాయించే జాన్ ఎంట్విసిల్‌కి అప్పజెప్పాడు. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర పెరిగిన రోజుల్లో తను పడిన బాధల గురించి టౌన్‌షెండ్ చాలా ఏళ్ళ తర్వాత బయటికి చెప్పాడు. అది తెలిశాక ఈ పాటలు ఆయన ఎందుకు ముట్టుకోలేదో అర్థమవుతుంది.

3. వెనక సంగతి కొంచెం

ఇది మొట్టమొదటి రాక్ ఒపెరా అని ఎవరైనా అంటే నమ్మకండి. ద ప్రెట్టీ థింగ్స్ అనే బ్యాండ్ ఒక మనిషి జీవితాన్ని పుట్టుక నుంచి ముసలితనం దాకా చెప్పే 'ఎస్. ఎఫ్. సారో'ని 1968 డిసెంబర్‌లోనే వేసింది. ద హూ కూడా దీనికోసం రెండుసార్లు రిహార్సల్ చేసినట్టే: 1966లో చిన్న చిన్న ముక్కలు కలిపి కుట్టిన తొమ్మిది నిమిషాల 'ఎ క్విక్ వన్, వైల్ హీ ఈజ్ అవే' పాట, 1967లో దొంగ రేడియో స్టేషన్ లాగా మధ్యమధ్యలో ఉత్తుత్తి ప్రకటనలు పెట్టి చేసిన ఆల్బమ్ 'ద హూ సెల్ అవుట్'. ఆ ఆల్బమ్‌లో చివర ఉండే 'రాయెల్' పాట ఒకసారి వినండి, ఎందుకో ఇంకాసేపట్లో చెప్తా.

రికార్డింగ్ లండన్‌లోని ఐబీసీ స్టూడియోలో 1968 సెప్టెంబర్‌లో మొదలై 1969 మార్చి దాకా సాగింది. స్టేజి మీద విరగ్గొట్టిన సామాన్ల పుణ్యమా అని బ్యాండ్ నిండా అప్పుల్లో ఉంది, అందుకని వారం మధ్యలో స్టూడియో, వారాంతాల్లో ఊళ్ళలో షోలు. మేనేజరూ ప్రొడ్యూసరూ ఒకరే, కిట్ లాంబర్ట్. ఆయన తండ్రి కాన్‌స్టంట్ లాంబర్ట్ పేరున్న శాస్త్రీయ సంగీతకారుడు. ఒపెరా అన్నాక ఆర్కెస్ట్రా పెట్టాలని కిట్‌కి కోరిక, టౌన్‌షెండ్ ఒప్పుకోలేదు. స్టేజి మీద నలుగురం వాయించలేనిది ఎందుకు అన్నది ఆయన లెక్క. మీకు వినబడేదంతా ఆ నలుగురే. ఫ్రెంచ్ హార్న్ కూడా ఎంట్విసిల్‌దే, చిన్నప్పుడు నేర్చుకున్నాడు.

పిన్‌బాల్ గొడవ కథలోకి ఎలా వచ్చిందన్నది నాకు బాగా ఇష్టమైన సంగతి. ఆల్బమ్ దాదాపు తయారయ్యాక విమర్శకుడు నిక్ కోన్‌కి వినిపించారు. ఆయన పెదవి విరిచాడు, మరీ గంభీరంగా, ఆధ్యాత్మికంగా ఉందన్నాడు. కోన్‌కి పిన్‌బాల్ పిచ్చి ఉందని టౌన్‌షెండ్‌కి తెలుసు. సరే, మన కుర్రాడు పిన్‌బాల్ ఛాంపియన్ అయితే ఎలా ఉంటుందని అడిగితే, అయితే అద్భుతం అన్నాడట కోన్. అంతే, టౌన్‌షెండ్ పాట రాసేశాడు. ఒక విమర్శకుణ్ణి మంచి చేసుకోవడానికి రాసిన 'పిన్‌బాల్ విజార్డ్' బ్రిటన్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది, ఇవాళ్టికీ ఆల్బమ్ మొత్తానికి అదే విజిటింగ్ కార్డు. కథలో అది బయటి నుంచి తెచ్చి అతికించినట్టు కనబడటానికి కారణం కూడా ఇదే.

4. ఈ ట్యూన్లు పట్టుకోండి

మన సినిమాల్లో హీరోకి ఒక బీజీఎమ్ బిట్ ఉంటుంది చూడండి, వాడు తెర మీద కనబడకముందే ఆ బిట్ వినగానే థియేటర్లో ఈలలు మొదలవుతాయి. 'టామీ' పని చేసేది సరిగ్గా అలాగే.

మొదటిది 'సీ మీ, ఫీల్ మీ' ట్యూన్. నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు ఉంటుంది. లోపల చిక్కుకుపోయిన పిల్లాడి గొంతు ఇది, బయటివాళ్ళెవరికీ వినబడదు, మనకే వినబడుతుంది. 'క్రిస్మస్' పాటలో ఇంటివాళ్ళంతా గోల గోలగా ఉంటారు, వీడికి పండగంటే ఏంటో కూడా తెలియదే, దేవుణ్ణి ఎలా మొక్కుతాడు అని బాధపడుతుంటారు, ఆ హడావుడి మధ్యలో ఉన్నట్టుండి అన్నీ ఆగి ఈ ట్యూన్ వస్తుంది. ఆల్బమ్‌లో మొదట నన్ను పడేసింది ఆ చోటే.

రెండోది 'లిసనింగ్ టు యూ'. ఇది పైకి పైకి ఎక్కుతూ పోయే ట్యూన్, గుంపు పాట. దీన్ని డాక్టర్ సీన్ 'గో టు ద మిర్రర్!'లో ఒకసారి, ఆఖర్లో ఇంకోసారి వాడారు.

మూడోది మాటల్లేని 'స్పార్క్స్'. బేస్, డ్రమ్స్, గిటార్ ఒకదాన్నొకటి తరుముకుంటాయి. ఇందాక వినమన్న 'రాయెల్' ఉంది కదా, ఈ ట్యూన్ అక్కణ్ణుంచి తెచ్చుకున్నదే.

నాలుగోది 'పిన్‌బాల్ విజార్డ్' మొదట్లో ఎకౌస్టిక్ గిటార్ మీద గబగబా కొట్టే తీగల చప్పుడు. టామీకి నయమయ్యాక వచ్చే 'ఐ యామ్ ఫ్రీ' చివర్లో ఇది మళ్ళీ దూరుతుంది, నిన్నెలా అనుసరించాలి అని జనం అడిగేటప్పుడు. ఆటగాడి ట్యూన్ గురువుకి అంటుకుందన్నమాట. ఇంత చిన్న సంగతితో అంత పెద్ద మార్పు చెప్పేశాడు టౌన్‌షెండ్.

ఒక చిట్కా: పాటలన్నీ వినేముందు మొదటి ట్రాక్ 'ఓవర్చర్' ఒక్కటే రెండుసార్లు వినండి. ముందు రాబోయే ట్యూన్లలో ముఖ్యమైనవి అందులో వరసగా రుచి చూపించి వదిలేస్తారు. ఏది ఏదో అప్పుడు తెలియక్కర్లేదు, చెవిలో పడితే చాలు.

5. ఇక సైడ్ల వారీగా వినండి

ఒకేసారి కూర్చోలేకపోతే నాలుగు సైడ్లుగా విడగొట్టుకోండి. ఎల్పీ తిరగేయడానికి లేచే విరామాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన ఆల్బమ్ ఇది.

మొదటి సైడ్: 'ఓవర్చర్' నుంచి 'ద హాకర్' దాకా. ఇక్కడ '1921' దగ్గర ఆగండి. పాట చాలా హాయిగా మొదలవుతుంది, ఈ ఏడాది మనకి బాగుంటుందని ఇద్దరు పాడుకుంటున్నారు. హత్య పాటలో ఎక్కడా కనబడదు. అరుపు లేదు, తుపాకీ లేదు. ఉన్నట్టుండి పిల్లాడి సంగతేంటి, వాడు అంతా చూశాడు అన్న కంగారు, వెంటనే నువ్వు వినలేదు, చూడలేదు అని నూరిపోయడం. కథ తెలియనివాళ్ళు ఇక్కడే తప్పిపోతారు. తెలిసినవాళ్ళకి మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది, నేరం వినబడకుండా దాన్ని కప్పిపుచ్చడం మాత్రమే వినబడుతుంది గనక. తర్వాత వచ్చే 'అమేజింగ్ జర్నీ' టౌన్‌షెండ్ ముందుగా పొడవాటి కవితగా రాసుకున్నది, ఆల్బమ్ మొత్తానికి విత్తనం అదే. 'ద హాకర్' మాత్రం వాళ్ళది కాదు, సన్నీ బాయ్ విలియమ్సన్ పాత బ్లూస్ పాట.

రెండో సైడ్ ఈ ఆల్బమ్‌లో కష్టమైన ఘట్టం. 'క్రిస్మస్', 'ద యాసిడ్ క్వీన్' రెండూ గొప్ప పాటలు. చివర్లో 'అండర్చర్' పది నిమిషాలు. కీత్ మూన్ డ్రమ్స్ కోసం ఒకసారి వినాల్సిందే, కానీ నిజం చెప్పాలంటే ఆ పదిలో ఐదు నిమిషాలు ఎల్పీ సైడ్ నింపడానికే అని నా అనుమానం. మొదటిసారి విసుగొస్తే దాటేయండి, పాపం తగలదు.

మూడో సైడ్ పరిగెడుతుంది, ఎనిమిది ట్రాకులు. 'పిన్‌బాల్ విజార్డ్' ఎవరు పాడుతున్నారో గమనించండి. టామీ కాదు, వాడి చేతిలో ఓడిపోయిన పాత ఛాంపియన్. అసూయా, ఆశ్చర్యం రెండూ కలిసిన గొంతు అది. తర్వాత 'గో టు ద మిర్రర్!' ఆల్బమ్‌కి నడుం. డాక్టర్ పరీక్షల హడావుడి రిఫ్ (మళ్ళీ మళ్ళీ వాయించే చిన్న గిటార్ ముక్క), దాని మధ్యలో ఆగి పిల్లాడి బతిమాలడం, దాని వెనకే 'లిసనింగ్ టు యూ', మూడూ నాలుగు నిమిషాల్లోపే. పైన చెప్పిన ట్యూన్లు మీకు పట్టుబడ్డాయో లేదో ఇక్కడ తెలిసిపోతుంది.

నాలుగో సైడ్‌లో 'టామీస్ హాలిడే క్యాంప్' నిమిషం లోపు అయిపోతుంది. క్యాంపు పెడితే బాగుంటుందని ఐడియా ఇచ్చినందుకు ఆ పాట రాసిన పేరు కీత్ మూన్‌కి ఇచ్చారు. ఇక ఆఖరి పాట 'వియ్ ఆర్ నాట్ గానా టేక్ ఇట్' ఏడు నిమిషాలు. సగం దాకా శిష్యుల తిరుగుబాటు, ఆ తర్వాత అంతా ఖాళీ అయిపోయి మళ్ళీ ఆ మొదటి ట్యూన్, ఆ పైన 'లిసనింగ్ టు యూ' మళ్ళీ మళ్ళీ. ఇప్పుడు టామీ ఎవరితో మాట్లాడుతున్నాడు? వదిలేసి పోయిన శిష్యులతోనా, దేవుడితోనా, తనలో తానా? ఆల్బమ్ చెప్పదు. దేవుడితోనే అని నాకనిపిస్తుంది, దానికి కారణం కింద ఉంది.

6. మెహెర్ బాబా సంగతి తెలుసుకోండి

కవర్ వేసిన మైక్ మెకినర్నీయే 1967లో టౌన్‌షెండ్‌కి మెహెర్ బాబా గురించి చెప్పాడు. పుణెలో పుట్టి, అహ్మద్‌నగర్ దగ్గర మెహెరాబాద్‌లో ఆశ్రమం పెట్టిన ఈ బాబా 1925 జులై 10న మౌనం పట్టి, 1969 జనవరి 31న కన్నుమూసేదాకా మాట్లాడలేదు. మొదట అక్షరాల పలక మీద వేలు పెట్టి చూపిస్తూ, తర్వాత చేతి సైగలతో భక్తులకి చెప్పేవాడు. తారీఖులు చూడండి: ఆయన పోయేనాటికి 'టామీ' ఇంకా స్టూడియోలోనే ఉంది. ఆల్బమ్ మీద ఆయన పేరుని అవతార్ అని వేశారు.

మనవాళ్ళలో చాలామందికి ఈ పేరు కొత్త కాదు. బాబా 1950లలో ఆంధ్ర ప్రాంతమంతా తిరిగాడు, కొవ్వూరులో మెహెర్ స్థాన్ ఉంది, గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ భక్తులున్నారు. అక్కడి పాత ఇళ్ళలో గోడ మీద చూసే ఆ మీసాల నవ్వు మొహమే లండన్‌లో ఈ రాక్ ఆల్బమ్ వెనక ఉందని తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు.

ఇది తెలిశాక రెండు విషయాలు వేరేగా వినబడతాయి. ఒకటి, టామీ మౌనం వట్టి జబ్బు కాదు. లోపల ఏదో జరుగుతోంది, బయటి తలుపులు మూసుకున్నాయి, అంతే. రెండోది, గురువు మీద భక్తి ఉన్న మనిషే దొంగ గురువుల మీద ఇంత వెటకారం రాశాడు. తన దారిని ప్యాకేజీ చేసి టిక్కెట్టు పెట్టి అమ్మిన రోజునే టామీ దిగజారాడు. 'శాలీ సింప్సన్'లో స్టేజి కిందికి తోసేస్తే మొహం చీరుకుపోయిన ఆ పిల్లని గుర్తుపెట్టుకోండి, టామీ మీటింగుకే వచ్చిన అమ్మాయి అది. బాబాల మీటింగుల తొక్కిసలాటలు పేపర్లో చదివినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

7. లైవ్ వినకుండా వదలొద్దు

స్టూడియో 'టామీ' వినగానే చాలామంది అనే మాట, ఇంత మెత్తగా ఉందేంటి అని. నిజమే, ఎకౌస్టిక్ గిటార్ ఎక్కువ, డ్రమ్స్ వెనక ఎక్కడో ఉంటాయి. స్టేజి మీద ఇదే ఆల్బమ్ వేరే మృగం. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ యూనివర్సిటీలో చేసిన షో వినండి. అప్పట్లో వచ్చిన 'లైవ్ ఎట్ లీడ్స్' ఎల్పీలో ఆరు పాటలే ఉండేవి, 2001 డీలక్స్ ఎడిషన్‌లో 'టామీ' భాగం మొత్తం చేర్చారు, కాబట్టి అదే వెతకండి. 'అండర్చర్', 'కజిన్ కెవిన్' లాంటివి స్టేజి మీద వదిలేసేవాళ్ళు, కథ ఇంకా చిక్కబడింది. గాయకుడు రోజర్ డాల్ట్రీ టామీ పాత్రలోకి పూర్తిగా దిగింది కూడా ఈ షోల్లోనే. 'అమేజింగ్ జర్నీ' నుంచి 'స్పార్క్స్'లోకి వెళ్ళే చోట వాల్యూమ్ పెంచండి, పక్కింటివాళ్ళకి ముందే చెప్పి.

1969 ఆగస్టు 17న అమెరికాలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో తెల్లవారుజామున 'టామీ' వాయించారు, 'సీ మీ, ఫీల్ మీ' వచ్చే సరికి సూర్యుడు లేచాడు. ఆ వీడియో చూడదగ్గదే. మరుసటి ఏడాది జూన్‌లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపెరా హౌస్‌లోనూ వాయించారు.

8. సినిమా ఆఖర్న

1975లో కెన్ రసెల్ తీసిన సినిమా ముందే చూస్తే కథ మీ బుర్రలో కలగాపులగం అయిపోతుంది. అందులో యుద్ధం రెండో ప్రపంచ యుద్ధం, పైగా తిరిగొచ్చిన తండ్రినే ప్రియుడు చంపేస్తాడు, ఆల్బమ్‌కి పూర్తిగా తలకిందులు. అయినా యాసిడ్ క్వీన్‌గా టీనా టర్నర్ కోసం, పిన్‌బాల్ పాటలో ఎల్టన్ జాన్ కోసం చూడొచ్చు. ఆన్-మార్గ్రెట్‌కి తల్లి పాత్రకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

9. దీని తర్వాత ఏం వినాలి

ఇందాక చెప్పిన 'ఎస్. ఎఫ్. సారో' ఒకటి. 'టామీ' మెత్తగా ఉందనిపించినవాళ్ళకి మాత్రం ద హూ 1973లో చేసిన 'క్వాడ్రొఫీనియా' సరిపోతుంది. అదీ డబుల్ ఆల్బమే, కానీ సౌండ్ చాలా పెద్దది, కథ లండన్ కుర్రాడిది. అందులో బ్యాండ్‌లోని నలుగురికీ తలా ఒక థీమ్ ఉంటుంది. అక్కడ కూడా ముందు ఆ నాలుగు ట్యూన్లు చెవికి ఎక్కించుకుని తర్వాతే పాటల్లోకి దిగండి.